నూట పద్దెనిమిదో ఇల్లు

మొదలుపెట్టిన రోజు మునీర్ దగ్గర ఇరవై మూడు వేల నాలుగు వందల రూపాయలు ఉన్నాయి. పదిహేడు వేలకు ఒక పాత లాప్‌టాప్ కొన్నాడు. మూడు వేల తొమ్మిది వందలకు గోడ మీద ఎర్ర చుక్క వేసి దూరం చెప్పే లేజరు మీటరు కొన్నాడు. మిగిలిన రెండు వేల ఐదు వందలు పెట్రోలుకు ఉంచుకున్నాడు. వాళ్ళ నాయన గూడూరు నిమ్మకాయల మార్కెట్లో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి జనవరిలో పోయాక ఇంట్లో మిగిలింది అంతే.

మునీర్ ఏడవలేదు. ఆ నెల నుంచి అతని చేతులకు మాత్రం ఏదీ తెలియడం మానేసింది. టీ గ్లాసు పట్టుకుంటే వేడి తెలిసేది కాదు, బండి హ్యాండిలు పట్టుకుంటే అదురు తెలిసేది కాదు. అమ్మకు చెప్పలేదు. సివిల్ డిప్లొమా చదివినవాడు, లెక్కలు నోటితోనే చేసేవాడు, వాటికి చేతుల్తో పనేముంది అనుకున్నాడు.

పని తనే వెతుక్కున్నాడు. ఊళ్ళలో ఇల్లు కట్టుకోవాలంటే అనుమతి ఇప్పుడు కంప్యూటర్లోనే ఇస్తున్నారు. ఇదివరకు తెల్లకాగితం మీద నాలుగు గీతలు గీసి పంచాయతీలో ఇస్తే ముద్ర వేసేవాళ్ళు. ఇప్పుడు ముందు పాత ఇళ్ళన్నీ పటంలోకి ఎక్కాలి. ఒక్కో స్థలానికి నాలుగు మూలలు ఫోనుతో పట్టాలి, మీటర్లలో కొలత వెయ్యాలి, ఫొటో పెట్టాలి. అన్నీ సరిపోతే స్థలం పచ్చగా మారుతుంది. పటంలో పచ్చగా లేని స్థలంలో కొత్తగా పునాది తియ్యడానికి వీల్లేదు, ప్రభుత్వం ఇచ్చే ఇంటి డబ్బు రాదు. ఈ పనికి మనుషులు దొరక్క మండలంలో ఇబ్బంది పడుతున్నారని విని మునీర్ నేరుగా వెళ్ళి అడిగాడు. మొదట ఒక్క ఊరు ఇచ్చారు. అది బాగా చేస్తే ఇంకో పదమూడు ఊళ్ళు ఇస్తామన్నారు.

ఆ ఊరు నడిమిపాళెం. గూడూరు నుంచి తూర్పుగా ముప్పై నాలుగు కిలోమీటర్లు. నూట పద్దెనిమిది ఇళ్ళు, తర్వాత ఇసుక, తర్వాత సముద్రం. వేట నిషేధం రోజులు కాబట్టి పడవలన్నీ గట్టునే ఉన్నాయి, మగవాళ్ళందరూ ఇళ్ళ దగ్గరే ఉన్నారు. జూన్ పద్నాలుగు అర్ధరాత్రితో నిషేధం అయిపోతుంది. అదే రోజు, శనివారం సాయంత్రం ఐదింటికి పాత ఇళ్ళ నమోదు కూడా అయిపోతుంది.

మొదటి ఇంట్లో మునీర్ లేజరు పెట్టాడు. వెడల్పు ఏడు పాయింటు రెండు సున్నా. పొడవు పది పాయింటు ఎనిమిది సున్నా. రెండో ఇంట్లోనూ అంతే. ఇరవయ్యో ఇంట్లోనూ అంతే.

"సెంటీమీటరు కూడా తేడా లేదే. ఎవరు కొలిచినారు ఇవి?" అని అడిగాడు.

"ఇంకెవరు, కామాక్షయ్య తాతే," అన్నాడు సమాధానం అనే అతను. ఆ ఇల్లు అతనిదే. "వెడల్పు నాలుగు బారలు, పొడవు ఆరు బారలు. ఊళ్ళో ఎవురికైనా అంతే."

బార అంటే రెండు చేతులూ బారుగా చాపితే ఈ వేళ్ళ కొస నుంచి ఆ వేళ్ళ కొస దాకా. కొత్తగా పెళ్ళయి వేరుపడినవాళ్ళకి కామాక్షయ్య వచ్చి చేతులు చాపి స్థలం కొలిచి ఇచ్చేవాడు. ఆయన బార వేస్తే నేల జరిగేది. సమాధానం వేరుపడినప్పుడు ఉప్పుకొట్టానికీ చర్చి గోడకీ మధ్య మేక పట్టేంత సందు ఉండేది. కామాక్షయ్య అందులో అడ్డంగా దూరి చేతులు చాపాడు. వెడల్పుకు నాలుగు బారలూ వచ్చాయి. ఉప్పుకొట్టం జరగలేదు, చర్చి గోడా జరగలేదు.

మునీర్ బయటికొచ్చి ఉప్పుకొట్టానికీ చర్చి గోడకీ మధ్య లేజరు పెట్టి చూశాడు. సున్నా పాయింటు ఆరు రెండు. లోపలికెళ్ళి మళ్ళీ చూశాడు. ఏడు పాయింటు రెండు సున్నా. రెండూ పుస్తకంలో రాసుకున్నాడు. పోర్టల్ అడిగేది లోపలి కొలత కాబట్టి లోపలిదే ఎక్కించాడు. స్థలం పచ్చగా మారింది.

"మజ్జిగ తాగుతావా?" అన్నాడు సమాధానం.

"తాగుతానన్నా."

అలా మూడు వారాల్లో నూట పదిహేడు ఇళ్ళు పచ్చగా అయ్యాయి. మిగిలింది నాగులమ్మది.

నాగులమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. కొడుకు మంగళూరు పడవల మీద పనికిపోయాడు, ఎప్పుడో ఒకసారి ఫోను చేస్తాడు. పోయిన డిసెంబరు తుపానుకు ఆమె ఇంటి కప్పు లేచిపోయింది, మూడు రోజుల వానకు మట్టిగోడలు కరిగి కూర్చున్నాయి. తలుపు ఒక్కటి మిగిలింది. మేలు రకం టేకు తలుపు, ఆమె పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చింది. దాన్ని నేల మీద పరుచుకుని, పైన టార్పాలిన్ కట్టుకుని, ఆరు నెలలుగా దాని మీదే పడుకుంటోంది. మునీర్ వచ్చిన ప్రతిసారీ, "ముందు పిల్లకాయలున్న ఇళ్ళు చూడబ్బయ్యా, నాదేముంది," అని పంపించేసేది.

సోమవారం ఆమె స్థలం కొలిస్తే వెడల్పు రెండు పాయింటు ఆరు. మునీర్ లేజరు తుడిచి మళ్ళీ పెట్టాడు. అంతే వచ్చింది.

"పెద్దమ్మా, నీకు కూడా నాలుగు బారలే గదా ఇచ్చింది?"

"నాలుగే. గోడలు పోయినాక జరగతా ఉండాది." ఆమె బుట్టలో ఎండు వాలుగ చేపలు సర్దుతూ చెప్పింది. "ఇల్లు పడినప్పుడల్లా మళ్ళీ బార వెయ్యాల. వెయ్యకపోతే నేల దగ్గరికొచ్చేస్తది. కామాక్షయ్య మామకి చేతులు లేవడంలే. ఏం చేస్తాం."

వర్షం వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా ఆ మాట చెప్పి ఆమె బుట్ట ఎత్తుకుంది.

బుధవారం రెండు పాయింటు ఒకటి. శుక్రవారం ఒకటి పాయింటు ఏడు. తలుపు అడ్డంగా పట్టక, గురువారమే ఆమె దాన్ని ఏటవాలుగా ఎత్తి, పైకొస ఈ పక్కింటి గోడకీ కిందికొస ఆ పక్కింటి గోడకీ బిగించి పెట్టుకుంది. దాని కిందే కాళ్ళు ముడుచుకుని పడుకుంటోంది.

మునీర్ లెక్క వేశాడు. ఉపగ్రహం నుంచి తీసిన పటంలో ఊరి మొత్తం పదివేల ఏడు వందల ఇరవై మూడు పాయింటు తొమ్మిది రెండు చదరపు మీటర్లు. నూట పదిహేడు ఇళ్ళకు తొమ్మిదివేల తొంభై ఏడు పాయింటు తొమ్మిది రెండు. వీధులకు, వలలు ఆరేసే చోటుకు, చర్చికి, అమ్మవారి గుడికి, ఉప్పుకొట్టానికి కలిపి పదహారు వందల ఇరవై ఆరు. తీసివేస్తే మిగిలింది సున్నా. దశాంశాల తర్వాత కూడా సున్నాయే. అంత శుభ్రంగా తేలిన లెక్క అతను ఎప్పుడూ చూడలేదు. ఇంకో రోజైతే సంతోషపడేవాడు.

శనివారం పొద్దున గ్రామ సచివాలయంలో రోజారమణి ముందు కూర్చున్నాడు. ఆమె అక్కడ డిజిటల్ అసిస్టెంటు. ఫ్యాను లేని పక్క కుర్చీ ఎప్పుడూ అతనికే ఇస్తుంది.

"నూట పదిహేడు పచ్చ, ఒకటి ఎరుపు," అందామె తెర చూస్తూ. "ఈ ఎరుపేంది మునీర్ గారూ? నా ఫైలుకి బొట్టు పెట్టినారా?"

"పక్క స్థలంతో కలుస్తోంది, సరిచెయ్యండి అంటోంది మేడం. పదకొండుసార్లు గీశాను."

"ఎటు జరిపినా?"

"ఎటు జరిపినా. ఆడ నేల లేదు."

రోజారమణి పెన్ను మూత పెట్టి తీసి మళ్ళీ పెట్టింది. "ఒక పని చెయ్యొచ్చు. స్థలం లేదు అని పెట్టేస్తే ఆ పేరు జాబితా నుంచి పోద్ది. ఊరు మొత్తం పచ్చ అయినట్టు చూపిస్తది. మీ పదమూడు ఊళ్ళ కాగితం మధ్యాహ్నానికల్లా వచ్చేస్తది."

"ఆమెకి ఇల్లు?"

"రాదు."

"మళ్ళీ ఎప్పుడన్నా పెట్టుకోవచ్చా?"

"జాబితాలో లేని మనిషికి మళ్ళీ అనేది ఉండదు." ఆమె తెర అతని వైపు తిప్పింది. "నేను నొక్కను. మీ లాగిన్‌లోనే నొక్కాల. ఐదింటి దాకా టైముంది."

మునీర్ ఆ మీట దాకా వెళ్ళాడు. వేలు దాని మీద పెట్టాడు. వేలికి ఏమీ తెలియలేదు. వేలి కింద ఉన్నది ఒక ఆడమనిషి పడుకునే చోటని తెలుసు గానీ, ఆ తెలియడం కూడా ఎక్కడో పక్క గదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంది. ఏ తొందరా లేకుండా చెయ్యి తీసేసి, జాబితాని పై నుంచి ఇంకోసారి చదివాడు. లెక్క తేలనప్పుడు మొదటి వరస నుంచి చూడటం నాయన నేర్పిన అలవాటు.

నూట పద్దెనిమిది పేర్లలో కామాక్షయ్య పేరు లేదు.

"తాతకి ఇల్లు లేదా మేడం?"

"లేదే. వలల కొట్టంలో ఉంటాడు గదా. మీరు ఇన్నాళ్ళుగా తిరగతా చూళ్ళేదా?"

చూశాడు. అడగలేదంతే.

కామాక్షయ్య వలల కొట్టంలో గోడకానుకుని కూర్చుని, ఒళ్ళో వల పెట్టుకుని బాగుచేస్తున్నాడు. ఎనభై దాటిన మనిషి. చేతులు ఒడిలో చకచకా ఆడుతున్నాయి గానీ రొమ్ము దాటి పైకి లేవవు. నెల్లూరు డాక్టరు భుజాలు బిగుసుకుపోయాయని చెప్పి బిళ్ళలు రాశాడు. రెండేళ్ళయింది.

"తాతా, ఇంతమందికి స్థలం కొలిచినావు. నీకెందుకు కొలుచుకోలేదు?"

"కొలుచుకుంటే ఇంకొకరికి రాదు నాయనా." ముసలాయన దారం పళ్ళతో తెంపాడు. "నేను ఈ ఊరివాణ్ణి కాను. తడ పక్క పులికాటు నుంచి వచ్చినోణ్ణి. బార వేసేవాడికి ఆ ఊళ్ళో జానెడు నేల ఉండకూడదు. ఉంటే, చెయ్యి చాపినప్పుడు వాడి ఇల్లే గుర్తొస్తది. నేల జరగదు."

"ఇంకెవరూ ప్రయత్నం చెయ్యలేదా?"

"ఎందుకు చెయ్యలా. సంక్రాంతి ముందు సమాధానం వేసినాడు. గోడకి కొట్టుకుని గోరు ఊడింది." ముసలాయన నవ్వలేదు. "అందరికీ ఇళ్ళుండాయి గదా."

మునీర్ తలూపాడు. గూడూరులో వాళ్ళుండేది అద్దె ఇల్లు. తన పేరు మీద ఈ ఊళ్ళోనే కాదు, ఎక్కడా జానెడు నేల లేదు. అది అతను ఒక లెక్కలాగే వేసుకున్నాడు.

"నేను వెయ్యొచ్చా?"

కామాక్షయ్య వల పక్కన పెట్టి మొదటిసారి అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. ఎక్కువగా చేతుల్నే చూశాడు.

"ఒకసారి వేస్తే ఇంక నువ్వే. ఎవురికి పెళ్ళయినా, ఎవురి గోడ పడినా నిన్నే పిలస్తారు. రానంటే కుదరదు. దూరంగా పోతే, నువ్వు కొలిచిన నేల నీ వెనకే వచ్చేస్తది. నేను అరవై ఏళ్ళుగా ఒక్క రాత్రి వేరే ఊళ్ళో పడుకోలా. నీకు ఏవో పనులుండాయంటనే?"

"పదమూడు ఊళ్ళు."

"మరి?"

మునీర్ తన చేతుల వైపు చూసుకున్నాడు. జనవరి నుంచి అతన్ని పేరు పెట్టి ఎవరూ ఎక్కడికీ పిలవలేదు. అమ్మ అన్నానికి పిలిచేది, అంతే. పదమూడు ఊళ్ళ కాగితంలో కూడా పేరుండదు, లాగిన్ నంబరు ఉంటుంది. అమ్మని ఇక్కడికి తెచ్చుకోవాలంటే అద్దె కొట్టం ఒకటి వెతకాలి. ఈ ఊళ్ళో అద్దె ఎంతుంటుందో తెలియదు. లెక్క అక్కడిదాకా వేసి ఆపాడు.

నాగులమ్మ స్థలం దగ్గరికి వెళ్ళేసరికి మూడున్నర. లేజరు ఒకటి పాయింటు నాలుగు రెండు చూపించింది. వెనకాలే సమాధానం, ఇంకో పది మంది మగవాళ్ళు వచ్చారు. రాత్రికి సముద్రంలోకి పోవాల్సినవాళ్ళు, అప్పటిదాకా వేరే పని లేదు. నలుగురు కలిసి కామాక్షయ్యను మంచంతో సహా మోసుకొచ్చి నీడలో దించారు. రోజారమణి ఆఫీసు ఫోను పట్టుకుని వచ్చి, ఎండకు చున్నీ తలమీద వేసుకుని నిలబడింది.

నాగులమ్మ టార్పాలిన్ విప్పి మడతపెట్టింది. తలుపు జోలికి మాత్రం పోలేదు. "దాన్ని తీస్తే మళ్ళీ బిగించడం నావల్ల కాదబ్బయ్యా. అట్టనే ఉండనీ," అంది.

మునీర్ రెండు గోడల మధ్యకు దూరాడు. చెప్పులు విప్పాడు. చేతులు చాపి, "ఒకటి," అన్నాడు.

రెండు చేతులూ రెండు గోడలకు తగిలాయి. మోచేతులు ముడుచుకున్నాయి.

"ఏందబ్బయ్యా, కాకుల్ని తోలతాండావా?" అన్నాడు సమాధానం. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"మీ గోరు వచ్చిందా సమాధానమన్నా?" అంది రోజారమణి.

"సగం వచ్చింది మేడం."

మంచం మీద నుంచి కామాక్షయ్య చెయ్యి కొద్దిగా ఎత్తబోయి దించేశాడు. "ఒకటి అంటావేంది? కొలతలో ఒకటి ఉండదు. ధాన్యం కొలిచినా, చేపలు ఎంచినా, నేల కొలిచినా మొదట లాభం. తర్వాత రెండు, మూడు. మీ గూడూరులో నిమ్మకాయలు ఎట్టా ఎంచతారు?"

మునీర్‌కు గుర్తొచ్చింది. నాయన గోనెపట్టా మీద కూర్చుని, రెండు చేతులా నిమ్మకాయలు తీసి పక్క కుప్పలోకి వేస్తూ, ప్రతి కుప్పకీ మొదట లాభం అనేవాడు. చిన్నప్పుడు మునీర్ పక్కన కూర్చుని, ఒకటి అనాలి గదా నాయనా, అని సరిదిద్దేవాడు. నాయన, నువ్వు చదువుకున్నోడివి, నీకు ఒకటి, అనేవాడు. ఆ మాటతోపాటు నిమ్మతొక్క వాసన రావాలి. రాలేదు. ఆగి చూశాడు, రాలేదు.

"ఇంకో సంగతి," అన్నాడు కామాక్షయ్య. "గోడల్ని చూడబాక. గోడ ఎంత దూరంలో ఉందో నీకు తెలిస్తే నీ చెయ్యి ఆడికే పోతది. ఎవురికి కొలస్తాండావో వాళ్ళని చూడు."

మునీర్‌కు గోడ ఎంత దూరంలో ఉందో తెలుసు. దశాంశాలతో సహా తెలుసు. లేజరు జేబులోంచి తీసి రోజారమణికి ఇచ్చాడు. టైము నాలుగు ఇరవై.

ఎదురుగా తలుపు పక్కన నాగులమ్మ నిలబడి ఉంది. మడతపెట్టిన టార్పాలిన్ చంకలో ఉంది. ఆమె మొహంలో ఆశ లేదు, బాధా లేదు. బస్సు వస్తుందో రాదో తెలియని చోట నిలబడ్డట్టు నిలబడింది. మునీర్‌కు ఆ మొహం బాగా తెలుసు. అద్దంలో రోజూ చూస్తున్నాడు.

ఆమెనే చూస్తూ చేతులు చాపడం మొదలుపెట్టాడు. మోచేతులు సాగాయి. మణికట్లు సాగాయి. గోడలు తగలాల్సిన చోటు వచ్చింది.

"లాభం," అన్నాడు.

వేళ్ళు విచ్చుకున్నాయి. రెండు పక్కలా వేళ్ళ కొసలకు ఏమీ తగల్లేదు. తర్వాత ఏదో తగిలింది. గోడ కాదు. గాలి. సముద్రం మీద నుంచి వచ్చే తడిగాలి, ఉప్పుతో కాస్త జిడ్డుగా, ఎడమచేతి వేళ్ళ సందుల్లోంచి పోతోంది. అది చల్లగా ఉందని అతని చేతికి తెలిసింది.

అప్పుడే, రెండు గోడల మధ్య బిగిసి ఉన్న తలుపు పట్టు తప్పి కిందికి జారింది. ఒక్కసారిగా ఇసుక మీద వెల్లకిలా పడింది. దుమ్ము లేచింది. తలుపు అడ్డంగా, పూర్తిగా నేలకు ఆని పడుకుంది. దాని రెండు కొసలకూ గోడలు ఎక్కడా తగలడం లేదు.

సమాధానం వెళ్ళి, అటుపక్కనున్న తన ఇంటి వెనక గోడను చేత్తో ఒకసారి తట్టి చూసుకున్నాడు. అది ఉన్నచోటే ఉంది.

"తలుపు తియ్యాల్నా అబ్బయ్యా, కాలికి అడ్డం వస్తదేమో?" అంది నాగులమ్మ.

"మాట్లాడించబాక," అన్నాడు కామాక్షయ్య. "ఇంకా మూడుండాయి. పొడవుకి ఆరుండాయి."

రోజారమణి ఫోను పట్టుకుని మొదటి మూల దగ్గర నిలబడింది. తెర మీద ఎర్ర గడి ఒక పక్క అంచు మాత్రం ఆకుపచ్చగా మారి ఆగింది. ఆమె టైము చూసి చున్నీ సర్దుకుంది. గట్టు మీద ఎవరో పడవ ఇంజను ఒకసారి తిప్పి చూసి ఆపేశారు.

మునీర్ చేతులు దించలేదు. ఎడమచేతి వేలికొస ఆగిన చోట, ఇసుకలో నాగులమ్మ వంగి వేలితో ఒక గీత గీసింది. అతను గోడల వైపు చూడకుండా, రెండో బారకు కుడిచేతి వేలికొస ఆ గీత మీదికి వచ్చేలా, ఎడమకాలు పక్కకు ఎత్తాడు.